హుల్దా అను పేరు గలవారు



మన సంఘములలో మరియమ్మలు అనేకులు కలరు. ఎస్తేరులు, రూతమ్మలు, మార్తమ్మలు, సారమ్మలు లేని పల్లె లేదు. హుల్దా అను పేరు గల స్త్రీ మాత్రము అరుదు. ఆమె వృత్తాంతము పరిశుద్ధ గ్రంథములో రెండు చోట్ల వ్రాయబడియున్నను (2 రాజులు 22:14-20, 2 దినవృత్తాంతములు 34:22-28), బిడ్డకు పేరు పెట్టు దినమున ఆ పేరు తలంచువారు కొద్దిమందియే. ఇతర దేశముల చరిత్రలో ఆ పేరు ధరించి, గుర్తింపదగిన పని చేసిన స్త్రీలు కొందరు కలరు. వారిని ఈ మాసము జ్ఞాపకము చేసికొనుచు ఒక ప్రశ్నను విచారింతము: ఒకరి పేరును మరుగుపరచుట పాపమగునా? లేక పేరు లేకుండ సేవ చేయుటయే భక్తియా?

మొదట ఆ మొదటి హుల్దాను చూతము. యూదా రాజైన యోషీయా యేలుబడిలో పదునెనిమిదవ సంవత్సరము అది, సుమారు క్రీ.పూ. 622. మందిరమును బాగుచేయించుచుండగా యాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథము దొరికెను. శాస్త్రియైన షాఫాను దానిని రాజు ఎదుట చదివెను. రాజు విని తన బట్టలు చింపుకొనెను. దేవుని యొద్ద విచారించుడని అయిదుగురు పెద్ద మనుష్యులను పంపెను. వారిలో ప్రధాన యాజకుడు ఉన్నాడు, శాస్త్రి ఉన్నాడు. వారు ఎవరి యింటికి వెళ్లిరి? యెరూషలేములో కాపురమున్న హుల్దా అను ప్రవక్త్రి యింటికి వెళ్లిరి.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. యిర్మీయా అప్పటికి అయిదేండ్లుగా ప్రవచించుచున్నాడు. ఏలయనగా యోషీయా పదమూడవ యేట ఆయనకు వాక్కు ప్రత్యక్షమాయెనని వ్రాయబడియున్నది (యిర్మీయా 1:2). జెఫన్యాయు యోషీయా దినములలోని ప్రవక్తయే. పురుషులు లేకపోవుట చేత స్త్రీ యొద్దకు పోయిరని చెప్పుటకు వీలులేదు. ఆమె మాట నమ్మదగినదని ఎరిగియే పోయిరి. ఆమె వారికి తియ్యని మాటలు చెప్పలేదు. రాజును మొదట రాజు అని కూడ పిలువక, మిమ్మును పంపిన మనుష్యునితో చెప్పుడనెను. ఈ స్థలము మీదికి కీడు వచ్చుననియు, అయితే రాజు మనస్సు మెత్తనిదై దేవుని యెదుట తగ్గించుకొనెను గనుక ఆ కీడును అతడు కన్నులార చూడడనియు తెలియజేసెను. ఆ మాట విన్న తరువాతనే రాజు జనులందరిని సమకూర్చి గ్రంథమును చదివించి నిబంధన చేయించెను. దొరికిన గ్రంథము దేవుని మాటయేయని తేల్చి చెప్పినది ఒక గృహిణి నోరు.

ఇక ఆమె పేరును గూర్చి. హెబ్రీ భాషలో హుల్దా అనగా ముంగిస వంటి ఒక చిన్న జంతువు. లేవీయకాండము 11:29లో అపవిత్రమైనవాటి వరుసలో మొదట చెప్పబడిన జంతువు పేరును ఈ మాటకు దగ్గరిదే. దెబోరా అనగా తేనెటీగ, రాహేలు అనగా ఆడుగొఱ్ఱె, దొర్కా అనగా లేడి. అవి వినుటకు ఇంపుగా నుండును. హుల్దా పేరున అట్టి సొగసు లేదు. అందు చేతనే గాబోలు, యూదుల తల్మూదు గ్రంథములో ఒక బోధకుడు ఆమెను తప్పుపట్టెను. దెబోరా, హుల్దా అను ఇద్దరు స్త్రీలు గర్వించినవారనియు, అందుకు తగినట్లే వారి పేర్లు అసహ్యమైనవనియు అతడనెను. హుల్దా గర్వమునకు అతడు చూపిన రుజువు ఏమనగా, ఆమె రాజుతో అనక మనుష్యునితో చెప్పుడనుట. అయితే అదే గ్రంథము అదే స్థలములో ఇశ్రాయేలు ప్రవక్త్రులు ఏడుగురిలో ఆమెను ఒకతెగా లెక్కించుచున్నది. ఇదియు విచిత్రమే. ఆమె వరమును కాదనలేరు, ఆమె ధైర్యమును ఓర్వలేరు. ఓర్వలేనప్పుడు మనుష్యులు పేరు మీద పడుదురు.

ఇది మనకు తెలియని సంగతి కాదు. మన పల్లెలలో పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోయిన యింట, తరువాతి బిడ్డకు పెంటయ్య అనియు పెంటమ్మ అనియు పేరు పెట్టుట కలదు. మృత్యువు అసహ్యించుకొని విడిచిపోవలెనని తలిదండ్రుల ఆశ. ఆ పేరులో ఉన్నది అసహ్యము కాదు, కన్నీటితో కూడిన ప్రేమ. అదే పేరును మరియొకడు వీధిలో ఎగతాళిగా పిలిచిన యెడల అందులో ఉన్నది ప్రేమ కాదు. మాట ఒకటే, పిలుచువాని హృదయము వేరు. గనుక పేరు అర్థము మనిషి విలువను తేల్చదు. పిలుచువాని విలువనైతే అది తరచుగా బయటపెట్టును.

ఇప్పుడు మన కాలమునకు దగ్గరివారైన హుల్దాలను చూతము.

హుల్దా మింథార్న్ హూవర్ అను ఆమె క్వేకర్ల సంఘమునకు చెందిన తల్లి. అమెరికాలోని అయోవా రాష్ట్రములో వెస్ట్ బ్రాంచ్ అను చిన్న ఊరిలో కాపురముండెను. భర్త కమ్మరి పని చేసెడివాడు. 1880లో ఆయన చనిపోగా ముగ్గురు పిల్లలతో ఆమె విధవరాలాయెను. కుట్టుపని చేసి పిల్లలను పోషించుచు, ఆరాధన కూటములలో వాక్యము చెప్పుచుండెను. 1884లో ఆమెయు చనిపోయెను. అప్పటికి నడిమి కుమారునికి తొమ్మిదేండ్లు. ఆ పిల్లవాడే హెర్బర్ట్ హూవర్. మొదటి ప్రపంచ యుద్ధములో బెల్జియము ప్రజలకు ఆహారము చేర్చు పనిని నడిపించి, 1929 నుండి 1933 వరకు అమెరికా అధ్యక్షుడుగా నుండెను. పుస్తకములు ఆమెను అధ్యక్షుని తల్లి అని చెప్పును. వాక్యము ప్రకటించిన స్త్రీ అని చెప్పునవి తక్కువ.

హుల్దా నీబూర్ 1889లో పుట్టెను. ఆమె తండ్రి పాదిరి. ఆమె తమ్ములు రైన్‌హోల్డ్, రిచర్డ్ ఇద్దరును వేదాంత పండితులుగా లోకమంతట ప్రసిద్ధులు. ఆమె పిల్లలకు దేవుని సంగతులు ఎట్లు నేర్పవలెనో బోధించుటయే తన జీవిత కార్యముగా చేసికొనెను. షికాగో పట్టణములోని మెక్‌కార్మిక్ వేదాంత కళాశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసి, అక్కడ పూర్తి ఆచార్య పదవి పొందిన మొదటి స్త్రీ ఆయెను. 1959లో మరణించెను. తమ్ముల గ్రంథములను పండితులు చదువుదురు. అక్క నేర్పిన ఉపాధ్యాయులు సండేస్కూలు పిల్లల మధ్య కూర్చుందురు. ఏది గొప్ప పని? చిన్న బిడ్డలను నా యొద్దకు రానియ్యుడన్న ప్రభువునే అడుగుదము.

హుల్దా గార్‌బోర్గ్ నార్వే దేశపు రచయిత్రి. 1862 మొదలు 1934 వరకు జీవించెను. ఆమె భర్త ఆర్నె గార్‌బోర్గ్ ఆ దేశమున పేరుపొందిన రచయిత. పల్లె ప్రజల దుస్తులు, వంటలు, నాట్యములు మోటువని పట్టణస్థులు తీసివేయుచున్న దినములలో, అవి సిగ్గుపడదగినవి కావని ఆమె చాటెను. పల్లె దుస్తులను గూర్చి 1903లో ఆమె ప్రచురించిన చిన్న పుస్తకము వలన ఆ దుస్తులు మరల గౌరవమునకు వచ్చెను. పల్లెవారమైన మనకు ఈ సేవ విలువ చెప్పనక్కరలేదు.

హుల్దా స్టంఫ్ అమెరికా నుండి 1907లో కెన్యాకు వెళ్లిన మిషనెరీ. కిజాబే అను స్థలములో మిషను కార్యాలయపు వ్రాతపని చూచుచు, బాలికల వసతిగృహమునకు తోడ్పడుచుండెను. బాలికల శరీరమును కోయు ఆచారమును మిషను వ్యతిరేకించినందున అక్కడ గొప్ప కలహము రేగిన దినములవి. 1930 జనవరిలో ఆమె తన యింటిలోనే హత్య చేయబడెను. ఆ నేరము న్యాయస్థానములో ఎవరి మీదను స్థిరపడలేదు. ఆ ఆచారమును కెన్యా దేశమే 2011లో చట్టముచే నిషేధించినది.

హుల్దా క్రుక్స్ 1896లో కెనడాలో పుట్టినది. అరువదియైదేండ్లు దాటిన తరువాత, 14,500 అడుగులకు పైబడిన విట్నీ పర్వతమును ఇరువదిమూడు మారులు ఎక్కినది. 1987లో, తొంబదియొకటవ యేట, జపానులోని ఫూజీ పర్వతము ఎక్కినది. 1991లో విట్నీ ప్రక్కనున్న ఒక శిఖరమునకు ఆమె పేరు పెట్టిరి. 1997లో కన్నుమూసెను. ముదుసలి స్త్రీకి మూల మంచమే స్థలమని తలంచువారికి ఆమె కాళ్లే జవాబు.

వీరందరిలో ఒక పోలిక మీకు కనబడినదా? ఎక్కువమందిని మొదట పురుషుని పేరుతో చెప్పవలసివచ్చినది. షల్లూము భార్య, హూవర్ తల్లి, నీబూర్ల అక్క, గార్‌బోర్గ్ భార్య. ఇది మన ఊళ్లలోను ఉన్నదే. యాకోబు భార్య, పెద్దబ్బాయి తల్లి, ఉపదేశిగారి అమ్మ అని పిలుతుము గాని, నలువది యేండ్లు మందిరము ఊడ్చిన ఆమె పేరేమని అడిగిన యెడల ఎంతమంది చెప్పగలరు?

అయితే ఎవరైన ఇట్లు అనవచ్చును: భార్య అనియు తల్లి అనియు పిలువబడుట అవమానమా? కాదు. పరిశుద్ధ గ్రంథమే హుల్దాను షల్లూము భార్య అని చెప్పుచున్నది. సంబంధము దేవుడిచ్చిన ఆభరణము. కాని గ్రంథము అక్కడ ఆగలేదు. ఆమె పేరు చెప్పినది, ప్రవక్త్రి అని ఆమె వరము చెప్పినది, కాపురమున్న చోటు చెప్పినది, పలికిన మాటలు వ్రాసిపెట్టినది. వచ్చిన పెద్దలు ఆమెనే అడిగిరి; ఆమెయే ఉత్తరమిచ్చెను. షల్లూము వస్త్రశాలకు విచారణకర్త; ఆయనకు తన పని యున్నది, ఆమెకు తన పని యున్నది. ఒకరి గౌరవము మరియొకరి గౌరవమును తినివేయలేదు.

మరియొకరు ఇట్లు అందురు: కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియకూడదు గదా, పేరు కోరుట క్రైస్తవునికి తగునా? ఇది మంచి ప్రశ్న. దీనిని శ్రద్ధగా విడదీయవలెను. నేను చేసిన మేలు మీద నా పేరు వ్రాసికొనకుండుట వినయము. నీవు చేసిన మేలు మీద నుండి నీ పేరు నేను తుడిచివేయుట వినయము కాదు, అది దొంగతనము. ప్రభువు మొదటిదానిని మనకు ఆజ్ఞాపించెను. రెండవదానిని ఎన్నడును ఆజ్ఞాపింపలేదు. విలువగల అత్తరు తన మీద పోసిన స్త్రీని గూర్చి, సువార్త ప్రకటింపబడు ప్రతి స్థలమందును ఆమె చేసినది చెప్పబడునని ఆయనయే సెలవిచ్చెను (మార్కు 14:9). ఆమె అడుగలేదు, ఆయన మరువలేదు. పునరుత్థాన దినమున తోటలో ఏడ్చుచున్న స్త్రీ ఆయనను గుర్తించినది ఎప్పుడు? ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచినప్పుడు (యోహాను 20:16).

గనుక సంఘమునకు ఇందులో చేయవలసిన పని కలదు. సంఘపు రిజిస్టరులో ఫలానివాని భార్య అని వ్రాయుచోట ఆమె స్వంత పేరును వ్రాయుదము. భూస్థాపన కూటములో ముసలమ్మను గూర్చి చెప్పునప్పుడు, ఎవరి తల్లియో చెప్పి ఊరకుండక, ఆమె యేమి చేసెనో చెప్పుదము. సంఘములో చిక్కు కలిగినప్పుడు పెద్దలు కూర్చున్న చోట, వాక్యము ఎరిగిన స్త్రీ ఒకతె యున్న యెడల, హిల్కీయా వలె లేచి ఆమె యింటికి పోవుటకు సిగ్గుపడకుందము. ప్రధాన యాజకుడు సిగ్గుపడలేదు గదా! ఎవని పేరునైనను సగము చేసి పిలుచు నోటిని మన యింట అరికట్టుదము.

యెరూషలేము దేవాలయపు దక్షిణ ప్రక్కన హుల్దా ద్వారములు అను రెండు ద్వారములు ఉండెనని యూదుల పూర్వ గ్రంథమైన మిష్నా చెప్పుచున్నది. జనులు వాటిగుండ లోనికి వచ్చుచు వెలుపలికి పోవుచుండెడివారు. ఆ దక్షిణ గోడలో రాళ్లతో మూసివేయబడిన పాత ద్వారములు నేటికిని కనబడుచున్నవి; హుల్దా ద్వారములు అవియేయని చెప్పుదురు. మందిరము పోయినను ఆ పేరు నిలిచినది. ముంగిస వంటి చిన్న జంతువు పేరు దేవుని మందిరమునకు వాకిలి ఆయెను.

మీ యింట ఆడబిడ్డ పుట్టిన యెడల ఈ పేరును కూడ తలంచుడి. పెట్టినను పెట్టకున్నను, ఆ బిడ్డను పూర్తి పేరుతో, ప్రేమతో పిలువుడి. ఏలయనగా, పేరు పెట్టి పిలుచు దేవుడు (యెషయా 43:1) ఆ చిన్నదానిని మనకంటె ముందుగానే ఎరిగియున్నాడు.