పుట్టుకతో వచ్చిందా, నేర్చుకున్నదా?

"మీకేం సారూ, అడవి బిడ్డలు. దారి మీకు పుట్టుకతోనే తెలుస్తుంది." ఈ మాట మనలో చాలామంది విన్నదే. అనేవాళ్లు మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. నేనూ చాలాకాలం నవ్వి ఊరుకున్నాను. పుట్టుకతో దిక్కు తెలియడమంటే ఏమిటో ఒక ఎలుక గురించి చదివాక తెలిసింది. అప్పటినుంచి ఆ మెచ్చుకోలు మింగుడు పడటం లేదు.

ఆఫ్రికాలోని జాంబియాలో మోల్‌రాట్ అనే జంతువు ఉంది. నేల కింద సొరంగాలు తవ్వుకుని కుటుంబంగా బతుకుతుంది. ముందుపళ్లతో మట్టి తవ్వుతుంది, వేళ్లూ దుంపలూ తింటుంది. కళ్లు మరీ చిన్నవి. ఆ చీకట్లో దారి చూపడానికి సూర్యుడు లేడు, చుక్కలు లేవు, కొండ గుర్తు లేదు.

జర్మనీలో శాస్త్రవేత్తలు వీటిని గుండ్రటి తొట్టిలో వదిలి, గూడు కట్టుకోవడానికి సామగ్రి వేశారు. మూల అంటూ లేని ఆ తొట్టిలో అవి ఎక్కువగా ఆగ్నేయం వైపే గూడు పెట్టాయి. తీగచుట్టల్లో కరెంటు పంపి అయస్కాంత ఉత్తరాన్ని పక్కకు మళ్లిస్తే, గూళ్లు కూడా దాంతోపాటే మళ్లాయి. ఈ ఫలితం 1990లో వెలువడింది. ఆ ఇంద్రియం ఒంట్లో ఎక్కడుందన్న వెతుకులాట ఆ తర్వాతా సాగింది. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో, కళ్లు తీసేసిన మోల్‌రాట్లు గూడు కట్టాయి గానీ దిక్కు కుదరలేదు, తలోవైపు పెట్టాయి. ఎందుకూ కొరగావనిపించే ఆ కళ్లకే అయస్కాంత దిక్కుతో పని ఉందన్నమాట. ఆ సంగతి మనకు తెలియడానికి కొన్ని ప్రాణులు కళ్లు పోగొట్టుకున్నాయి. అది మరచిపోకూడదు.

ఆ తొట్టిలో ఆగ్నేయానికి పొమ్మని వాటికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. అది వాటి ఒంట్లో ఉన్న తెలివి. అది తక్కువదని నేననను, తలచుకుంటే ఆశ్చర్యమే. కానీ మా అవ్వ తెలివి అలాంటిది కాదు. ఏ వాగు ఎటు పారుతుందో, ఏ వాలులో ఎండ ముందు పడుతుందో, తీగ ఎండిపోయాక దుంప ఎక్కడ తవ్వాలో ఆమె వాళ్లమ్మ వెనక నడిచి నేర్చుకుంది. తప్పిపోయింది, తిట్లు తింది, మళ్లీ నడిచింది. దాన్ని "పుట్టుకతో వచ్చింది" అంటే ఆ ఏళ్ల కష్టాన్ని చెరిపేసినట్టే. డాక్టరు కొడుక్కి వైద్యం పుట్టుకతో వచ్చిందని ఎవరూ అనరు. అతను చదివాడంటారు. అవ్వ కూడా చదివింది. ఆమె చదివిన బడికి గోడలు లేవు, అంతే.

ఇందులో మన తప్పు కూడా ఉంది. సభల్లో మైకు పట్టుకుని "అడవి మన రక్తంలోనే ఉంది" అని మనమే అంటాం. రక్తంలోనే ఉంటే హాస్టల్లో పెరిగిన నాకూ తెలియాలి కదా! ఒక సెలవుల్లో అవ్వతో దుంపలకు వెళ్లి, రెండో వాగు దాటాక తప్పు దారి పట్టాను. సిగ్గుపడ్డాను. అవ్వ మాత్రం నవ్వి, "ఎవరు చూపించారని నీకు తెలుస్తుందిరా అయ్యా? రా, చూపిస్తా" అంది.

ఆ ఒక్క మాటలో నా ప్రశ్నకు జవాబుంది. మోల్‌రాట్‌ను తెచ్చి పరాయి దేశపు తొట్టిలో వదిలినా దాని దిక్కు దానితోనే ఉంది. మన తెలివి అలా కాదు. ఒక తరం చూపించకపోతే, ఒక తరం అడగకపోతే పోతుంది.

అందుకే తోటి టీచర్లకు ఒక మనవి. ఈ సెలవుల్లో పిల్లలకు ఒక పని ఇవ్వండి. ఇంట్లో పెద్దవాళ్ల వెంట ఒక దారి నడిచి రమ్మనండి. ఏ గుర్తు చూసి ఎటు తిరిగారో నోటుబుక్కులో రాయమనండి. ఆ పేజీ పైన, గురువు పేరు రాసేచోట, ఆ పెద్దమనిషి పేరు రాయించండి.