డబ్బా పలికేలోపు

ఫోన్‌తో డబ్బు కట్టడం అలవాటయ్యాక ఖర్చు పెరిగిందా తగ్గిందా అన్న లెక్క నన్నెప్పుడూ పెద్దగా బాధించలేదు. చిల్లర గొడవ తప్పింది. రూపాయికి బదులు చాక్లెట్ చేతిలో పెట్టించుకోవడమూ తప్పింది. అంతవరకు సంతోషమే. నన్ను ఇబ్బంది పెడుతున్నది వేరే సంగతి. ఫోన్లో పచ్చ టిక్కు పడ్డాక, కొట్లో స్పీకర్ డబ్బా పలికేలోపు గడిచే ఆ కాసిని క్షణాల్లో నేనెలాంటి మనిషినో నాకు బాగా కనిపిస్తోంది.

విజయవాడలో మా వీధి చివరి కిరాణా కొట్టు సాయంత్రమైతే కిటకిటలాడుతుంది. గల్లాపెట్టె పక్కన నూనె మరకలు పడ్డ స్కానర్ స్టిక్కరు, దాని వెనక డబ్బా. సిగ్నల్ సరిగా లేని రోజు డబ్బా ఉలకదు పలకదు. కొట్టాయన పప్పు తూస్తూనే, నా వంక చూడకుండా, "పర్లేదు, మీరెళ్ళండి మాస్టారూ, అదే వస్తుంది" అంటాడు. నా వెనక సిమెంటు దుమ్ము పట్టిన చొక్కాతో ఒక కుర్రాడు. అతనూ ఫోన్‌పే కొట్టి స్క్రీన్ చూపిస్తాడు. "ఆగు, రానీ" అంటాడు ఈయన. కుర్రాడు సరుకుల సంచి బల్ల మీదే ఉంచి, డబ్బా వైపు చూస్తూ నిలబడతాడు.

"మీరెళ్ళండి" అన్న ఆ మాట వింటే నాకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పడానికి సిగ్గేస్తుంది. వినపడే దాకా చెప్పుల్లో కాళ్ళు సర్దుకుంటున్నట్టు నటించి ఆగిన రోజులున్నాయి. స్క్రీన్ తిప్పి చూపించడం నాకు నామోషీ. కట్టానని చెప్తే చాలదా? ఆ కుర్రాడికి మాత్రం చాలదు. ఆ తేడా నాకు తెలుసు. తెలిసే దాన్ని అనుభవిస్తున్నాను.

కొట్టాయన్ని తప్పుపట్టలేను. అచ్చం అదే టిక్కు చూపించి మోసం చేసే నకిలీ యాప్‌లు వచ్చాయి. నిన్నటి స్క్రీన్‌షాట్ ఇవాళ చూపించి పోయేవాళ్ళున్నారు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద కొట్టువాళ్ళు కమిషన్ కట్టనక్కర్లేదు గానీ, ఈ డబ్బాకి మాత్రం నెలనెలా అద్దె ఇచ్చుకుంటున్నాడాయన. అంటే మా మాటలు నిజమో కాదో తేల్చుకోవడానికి అద్దె! పైగా 2024లో ఒక కంపెనీ ఈ స్పీకర్లలో మహేశ్‌బాబు గొంతు పెట్టింది. నేను తాగిన టీకి డబ్బులిచ్చానని ఒక సినిమా హీరో సాక్ష్యం చెప్పాలన్నమాట.

నోటుకి ఈ బాధ లేదు. దాని మీద రిజర్వ్ బ్యాంకు గవర్నరు మాటిచ్చి సంతకం పెట్టి ఉంటాడు. అది ఇస్త్రీ చొక్కా జేబులోంచి వచ్చినా, లుంగీ మడతలోంచి వచ్చినా పది రూపాయలు పది రూపాయలే. మరీ పెద్ద నోటైతే వెలుతురుకెత్తి చూస్తారు, అదీ నోటునే గానీ మనిషిని కాదు. ఫోన్ వచ్చాక, డబ్బా పలికేదాకా మనిషి మొహమే పూచీ అయింది. మొహానికి విలువ కట్టేటప్పుడు చొక్కా, చదువు, ఇల్లు, కొన్నిచోట్ల ఇంటిపేరు కూడా లెక్కలోకి వస్తాయి. నా పూచీ నా నిజాయితీ వల్ల వచ్చిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఊరు మారితే ఆ పూచీ చెల్లదు. ఒకసారి గుంటూరు బస్టాండు దగ్గర సోడా తాగి డబ్బు కొట్టాను. బండి దగ్గరి ముసలాయన నా ఫోన్ చేతిలోకి తీసుకుని, కళ్ళు చికిలించి మొత్తం చూశాడు, టైము చూశాడు, "మెసేజ్ రానీ నాయనా" అన్నాడు. బస్సు కదలబోతోంది. చెవులు వేడెక్కాయి. ముష్టి సోడాకి నేను అబద్ధమాడతానా అన్నది నోటిదాకా వచ్చింది. అనలేదు. కానీ బస్సెక్కాక కూడా చాలాసేపు ఆ ముసలాయన మీద కోపంగానే ఉన్నాను. మా వీధి కుర్రాడు రోజూ నిలబడేది అక్కడేనని తట్టడానికి చాలా రోజులు పట్టింది.

అకౌంట్లో డబ్బు కట్టయి, కొట్టుకు కబురు అందకపోతే అయిదు రోజుల్లో తిరిగి వెయ్యాలని, దాటితే రోజుకి వంద రూపాయలు పరిహారమివ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019లోనే చెప్పింది. మంచి నిబంధనే. అయితే అయిదు రోజులు నాకొక లెక్క, రోజుకూలీకి ఇంకో లెక్క. నాకైతే రెండోసారి కొట్టి ఇంటికి పోవడానికి అకౌంట్లో ఉంటుంది. అతను సంచి అక్కడే వదిలేసి పోవాలి.

మొన్న డబ్బా మొరాయించింది. "మీరెళ్ళండి మాస్టారూ" అన్నాడాయన మామూలుగానే. వెళ్ళకుండా నిలబడ్డాను. ఆయనకి అర్థం కాలేదు. తూకం ఆపి, "ఇంకేమన్నా కావాలాండీ?" అన్నాడు. "అది పలికేదాకా ఉంటాను" అనడానికి నోరు రాలేదు. అంటే ఆయన్నే నమ్మనట్టు ఉంటుంది. వెనకవాళ్ళు తోసుకొస్తున్నారు. ఏం చెప్పాలో తోచక ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇమ్మన్నాను. దానికీ ఫోన్‌పేనే కొట్టాలి గదా, జేబులో చిల్లర లేదు.