చివర మూడక్షరాలు

సాక్ష్యం చెప్పేటప్పుడు "నాదేం లేదండీ, మహిమంతా దేవునికే" అంటాం. నేనూ అన్నాను. అంటూనే ఎవరు మెచ్చుకుంటున్నారా అని ఓరగా చూశాను కూడా.

అప్పుడల్లా బాఖ్ గుర్తొస్తాడు. చాలా స్వరప్రతుల చివర ఎస్.డి.జి. అని రాసుకునేవాడు, లాటిన్‌లో 'దేవునికి మాత్రమే మహిమ' అని. అలాగని నోరులేని మనిషేం కాదు. 1730లో లైప్‌జిగ్ నుంచి స్నేహితుడికి ఉత్తరం రాస్తూ రాబడి చాలట్లేదని, ఇక్కడి అధికారులకు సంగీతం పట్టదని గోడు వెళ్లబోసుకున్నాడు.

నాకిది వైరుధ్యంగా తోచదు. చేసిన పనికి జీతం అడగడం న్యాయమే. మెప్పు కూడా జీతంలో భాగమనుకుంటేనే చిక్కు: అది దొరకని ఆదివారం ఇక పాడబుద్ధి కాదు. బాఖ్‌కి ఆ వెసులుబాటు లేదు. 1723లో అక్కడ చేరిన కొత్తల్లో దాదాపు వారానికో కాంటాటా రాయాల్సొచ్చేది. ఆ మూడక్షరాలూ పెట్టేసి, మళ్లీ తెల్లకాగితం ముందేసుకోవడమే.