ఉచితంగా దొరికిన తాళం

జర్మనీలో మన సహవాసానికి డోలక్ వాయించేవారు లేరు. ఉన్నా రాత్రి 10 దాటాక అపార్ట్‌మెంటులో సాధన కుదరదు. అందుకే హైడ్రోజన్ అనే డ్రమ్ మెషిన్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. అలెస్సాండ్రో కొమిను మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాం సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. మన డోలక్ దెబ్బలు రికార్డు చేసుకుని అందులో డ్రమ్‌కిట్‌గా పెట్టుకోవచ్చు.

అంతకుముందు? క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తోనే ఆరాధన పాటలకు తాళం కట్టాను. దేవుని పనికే కదా అని సర్దిచెప్పుకున్నాను. పగలంతా కోడ్ రాసి జీతం తీసుకునే నేను, రాత్రి ఇంకొకరి కోడ్ దొంగిలించాను!

ఇప్పుడు ఆ బాధ లేదు, వేరే ప్రశ్న ఉంది. జర్మన్‌లో 'కోస్టెన్‌లోస్' అంటే డబ్బు అక్కర్లేదని, 'ఫ్రై' అంటే స్వేచ్ఛ ఉందని. 'ఉచితం' అనగానే మనకు మొదటిదే వినిపిస్తుంది. హైడ్రోజన్‌కున్న జీపీఎల్ లైసెన్సు వాడుకునేవారిని ఏమీ అడగదు. ప్రోగ్రాంను ఇతరులకు పంచితేనే కోడ్ కూడా ఇవ్వమంటుంది. మత్తయి 10:8 చదివిన మనకు అంతటితో సరిపోతుందా?

సెలవుల్లో ఊరెళ్లినప్పుడు రికార్డు చేసిన డోలక్ కిట్ నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. బాగాలేదంటారేమోనన్న సిగ్గు కొంత, నాదన్న మమకారం కొంత. మీ సంఘానికి కావాలంటే అడగండి, పంపిస్తాను.