పరిచర్య ఎవరి కాయకము?



తల్లిదండ్రుల సేవ పుత్రధర్మమని మనము తరచుగా చెప్పుకొందుము. ఆ సేవను దినదినము చేయు చేతులెవ్వరివి? కోడలివి, లేదా పుట్టింటికి పరుగెత్తివచ్చు కూతురివి. ఇష్టలింగధారణమున స్త్రీపురుష భేదమును పాటింపని మనము, ముసలితండ్రి పక్కబట్టలు ఉతుకు వేళ ఆ భేదమును ఎట్లు తెచ్చుకొంటిమి?

గద్వాల చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. ఆ నేత వెనుక కండెలు చుట్టు ఇల్లాలు ఉండును. అత్తగారు మంచము పట్టిననాడు మొదట ఆగునది ఆమె పనియే. మగ్గమాగినచో నష్టమందురు, కండెలాగినచో ఆమె ఇంటిపట్టుననే ఉన్నది గదా యందురు!

వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో చిక్కు మరియొక తీరున ఉండును. గుంపుమేస్త్రీ వద్ద ముందుగా డబ్బు తీసికొని ఆలుమగలు దూరదేశములకు వలసపోవుట పాలమూరు నేల బహుకాలముగా ఎరిగినదే. ఎత్తిపోతల నీరు వచ్చిన పిమ్మట వలస కొంత తగ్గినది గాని, మానలేదు. ముసలివారు మనుమలతో ఊరిలో మిగులుదురు. జబ్బు కబురు వచ్చినచో తిరిగి వచ్చునది చాలమట్టుకు భార్యయే. ఏలయన, ఆమె కూలి తక్కువ. దానిని వదలుకొనుట ఇంటికి తేలిక. కూలి తక్కువ గనుక సేవ ఆమెపై పడును. సేవ ఆమెపై పడును గనుక కూలి పెరుగదు. దీనిని విధివ్రాత యనుట సోమరి మాట.

2019లో దేశమంతట జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారము, పిల్లల పెంపకముతో గూడ ఇంటివారి పరిచర్యకు, అందు పాల్గొన్న స్త్రీ రోజునకు సగటున 134 నిమిషములును, పురుషుడు 76 నిమిషములును వెచ్చించిరి. వృద్ధుల పోషణకై వచ్చిన 2007 నాటి చట్టము సంతానమనగా కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు అని చెప్పినది. కోడలి పేరు అందు లేదు. చట్టము అడుగనిదానిని ఆచారము ఆమెతో చేయించుచున్నది.

ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యమేరి తేగా, లక్కమ్మ వానిని తిరిగి పోసి రమ్మన్నదని శరణుల కథ. భర్త కాయకమును తూచి చెప్పు అధికారము ఆ ఇల్లాలికి ఉండెను. నేడు మన వీథిలోని ఒక లక్కమ్మ, “ఈ పూట మీ నాయనకు గంజి మీరు త్రాగింపుడు, నాకు కండెలున్నవి” అన్నచో, మనము ఆమెను ఏమందుము?