బతికుంటేనే కదా మానేది

మా నాయన తాగి చచ్చిపోలేదు. తాగడం మానేసి మూడోనాడు చచ్చిపోయినాడు. తలుపుకి బయట గొళ్ళెం పెట్టింది నేనే.

ఈ మాట ఇన్నేళ్ళూ సభల్లో చెప్పలేదు. సారా మీద, మద్యం మీద ఎన్నోసార్లు మాట్లాడినాను. కరపత్రాలు రాసినాను. గొళ్ళెం సంగతి మాత్రం దాటేస్తా వచ్చినాను. ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. తాగేవాణ్ణి ఏం చెయ్యాలనే ప్రశ్న వచ్చినప్పుడల్లా మనవాళ్ళు, చదువుకున్న మనవాళ్ళే, "ముందు మానమను, తర్వాత చూద్దాం" అంటున్నారు. ఆ మాట మీద నేను ఒక మనిషిని పోగొట్టుకున్నాను.

పుంగనూరు అవతల, కర్ణాటక సరిహద్దు దగ్గర మా ఊరు. ఊరికి ఎడంగా మాదిగపల్లె. మా నాయన పలక కొట్టేవాడు. ఊళ్ళో పీనుగు లేస్తే పిలుపు, గంగమ్మ జాతరకి పిలుపు, గొడ్డు చస్తే పిలుపు. కూలి డబ్బులు ఎప్పుడిస్తారో తెలీదు, ఇచ్చినా సగమే. సారా మాత్రం ముందుగానే పోసేవాళ్ళు. పీనుగు ముందర నాలుగు గంటలు ఎండలో ఎగరాలంటే మత్తు కావల్ల. కుళ్ళిన గొడ్డుని మోసుకుపోవాలంటే ముక్కు చచ్చిపోవల్ల. ఆ పని వాళ్ళది, ఆ పనికి కావాల్సిన మత్తు కూడా వాళ్ళు పోసిందే. తెల్లారి రచ్చబండ మీద అదే నోటితో "మాదిగనాకొడుకులు, తాగకుండా ఉండలేరు" అనేవాళ్ళు. కూలిగా పోసిందాన్ని గుణంగా లెక్కకట్టినారు.

మా అమ్మ సంగతి చెప్పాల. ఆమె మా నాయన్ని మార్చాలని చూడలేదని కాదు. తిట్టింది, కొట్టింది, పుట్టింటికి పొయ్యింది. అయితే ఆమె రోజూ చేసే పనులు కొన్ని ఉన్నాయి. శనివారం సందేళ కూలి చేతికొచ్చే చోటికి ముందే పోయి నిలబడి సగం డబ్బులు కొంగున కట్టుకునేది. ఆయన బయటికి పోకముందే ఇంత సంగటి ముద్ద, చెనక్కాయల ఊరిబిండి తినిపించేది. కొడవలి చూరులోంచి తీసి పక్కింట్లో పెట్టేది. అర్ధరాత్రి ఆయన ఒళ్ళు తెలీకుండా పడిపోతే వెల్లకిలా ఉండనిచ్చేది కాదు. పక్కకి తిప్పి, వీపుకి మూట ఆనించి, నోరు నేలవైపు ఉండేట్టు పడుకోబెట్టేది. "కక్కుకుంటే గొంతుకడ్డం పడి సస్తాడు, అబ్బోడా, కాస్త చూస్తా ఉండు" అని నన్ను కూచోబెట్టేది. మా పల్లెలో ఆడవాళ్ళందరికీ ఈ విద్య తెలుసు. పెద్దాస్పత్రుల్లో నర్సులకి నేర్పించేదీ ఇదేనని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారా అంగడి మూయించినారు. ఆ మంట రాష్ట్రమంతా అంటుకుంది. మా అమ్మ కూడా చీపురు పట్టుకుని పొయ్యింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినాయి. ఆ ఉద్యమాన్ని చిన్నబుచ్చే హక్కు నాకే కాదు, ఎవరికీ లేదు. పేద ఆడవాళ్ళు, అందులో దళిత ఆడవాళ్ళు, ప్రభుత్వాల మెడలు వంచిన సందర్భాలు మన చరిత్రలో ఎన్ని ఉన్నాయి?

కానీ నిషేధం మా పల్లెకి ఎట్ల వచ్చిందో కూడా చెప్పల్ల. సరిహద్దు అవతల నుంచి ప్యాకెట్లు వచ్చేవి. గుట్టల్లో నల్లబెల్లం ఊట పెట్టేవాళ్ళు. పెట్టుబడి పెట్టినాయన ఊళ్ళో మేడలో పడుకునేవాడు. పోలీసులు పట్టుకుపోయింది మాత్రం కుండ మోసినోణ్ణి, ప్యాకెట్ తాగినోణ్ణి. ఆ సారాలో ఏం కలిపినారో దేవుడికే తెలీదు. ధర పెరిగింది, అమ్మ కొంగులో మూట చిన్నదైంది.

1996లో నేను మదనపల్లెలో డిగ్రీ చదువుతున్నాను. అంబేద్కర్‌ని అప్పుడే చదవడం మొదలుపెట్టినాను. తాగుబోతు నాయన ఉండడం నాకు సిగ్గుగా ఉండేది. సెలవులకి వచ్చి కులపెద్దలతో మాట్లాడి నాయన చేత గంగమ్మ ముందర ఒట్టు వేయించినాను. గుడి బయటి నుంచే వేసినాడు, లోపలికి మాకు రాకడ లేదు. ఆయన మనస్ఫూర్తిగానే వేసినాడు. "కొడుకు సదూకున్నోడు, వాడి మాట కాదంటే ఎట్ల" అన్నాడు. ఒట్టు తప్పకుండా ఉండేదానికి ఇంట్లో పెట్టి గొళ్ళెం వేసినాము.

మొదటి రోజు చెమటలు, చేతులు వణుకు. రెండోనాడు గోడ మీద చీమలు పాకుతున్నాయని దులపడం. "ఒక్క గుక్క పొయ్యిరా, నాయనా, ఒక్క గుక్క" అని అడిగినాడు. నాకు అది నాటకం అనిపించింది. అమ్మ మాత్రం "కొంచెం పోద్దాంరా, మెల్లిగా మానిపిద్దాం" అనింది. నేను అమ్మ మీద అరిచినాను. మూడోనాడు తెల్లవారుజామున ఫిట్సు. ఎద్దుల బండి కట్టి రోడ్డు దాకా తీసకపోయేలోపే అయిపొయ్యింది.

ఏళ్ళ తరబడి రోజూ తాగిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్సు, మతిచెదరడం వస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మాత్రలు ఇస్తూ, బి1 విటమిన్ ఎక్కిస్తూ, కనిపెట్టుకుని ఉండి మానిపించాలి. ఇది ఏ డాక్టరుకైనా తెలిసిన విషయం. మా అమ్మకి చదువు లేకుండానే సగం తెలిసింది. నాకు డిగ్రీ చదువుతున్నా తెలీలేదు. నాకు తెలిసిందల్లా, తాగడం తప్పు, తప్పు చేసినోడు మానాలి. ఆ నీతి నాకెక్కడిది?

ఆలోచిస్తే అది మా ఇంటి నీతి కాదు. "స్నానం చేసిరా, అప్పుడు గుడికి రానిస్తాం. పెద్దకూర మాను, అప్పుడు ఇల్లు బాడుగకిస్తాం. శుభ్రంగా మాట్లాడు, అప్పుడు పక్కన కూచోబెట్టుకుంటాం." ఊరు మా పల్లెతో తరతరాలుగా మాట్లాడిన మాట ఇది. ముందు శుద్ధి కా, తర్వాత మనిషివి అవుతావు. శుద్ధి ఎప్పటికీ పూర్తి కాదు కాబట్టి మనిషివీ ఎప్పటికీ కాలేవు. ఊరు నాకు పెట్టిన షరతునే నేను తీసుకుపోయి మా నాయనకి పెట్టినాను. గొళ్ళెం నా చేతిదే, అది చేసిన కొలిమి మాత్రం ఊరిది.

మిత్రులు అడుగుతారు: 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది కూడా ఉంది కదా? ఉంది. నేను ఆ ప్రతిజ్ఞ పాటిస్తున్నాను. కానీ అదే బాబాసాహెబ్ నడిపిన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ 1951 ఎన్నికల ప్రణాళిక మద్యనిషేధం ఎత్తెయ్యాలని అడిగింది. నిషేధం వల్ల సారా కాయడం ఇళ్ళల్లోకి వచ్చి ఆడవాళ్ళూ పిల్లలూ అందులో ఇరుక్కుంటున్నారని వాదించింది. ఈ రెండిటికీ పొత్తు ఎట్ల కుదురుతుందని చాలాకాలం కొట్టుకున్నాను. ఇప్పుడు నాకు తోచేది ఇది. ప్రతిజ్ఞ మనిషి తనంతట తాను చేసుకునేది. దాన్ని ఇంకొకడి మెడకి తాడులాగ కట్టడానికి లేదు. పంచశీలలో మత్తు వద్దన్నది ఐదోది. ప్రాణం తియ్యొద్దన్నది మొదటిది. ఐదోదాని కోసం మొదటిదాన్ని తొక్కినవాణ్ణి నేను.

తర్వాత కుప్పంలో ఎయిడ్స్ నివారణ ప్రాజెక్టులో కార్యకర్తగా పనికి చేరినాను. గ్రానైటు లారీల దగ్గర, బెంగుళూరు రైలుకి పోయే కూలీల దగ్గర నిరోధ్‌లు పంచేవాణ్ణి. శిక్షణలో మాకు మొదట చెప్పిన మాట, "ఎవరినీ తిట్టొద్దు, నీతులు చెప్పొద్దు, ఇచ్చి రా" అని. అక్కడే సూదిమందు మత్తుకి అలవాటుపడిన వాళ్ళ గురించి విన్నాను. 1984లో హాలండ్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ అలవాటున్న వాళ్ళే సంఘం కట్టుకుని, పాత సూది తీసుకుని కొత్త సూది ఇచ్చే పని మొదలుపెట్టించినారు, కామెర్లు అంటకుండా. మన దేశంలో మణిపూర్‌లో సూదుల ద్వారా హెచ్‌ఐవి దావానలంలా పాకినాక అక్కడా సూదులు పంచినారు. తర్వాత జాతీయ కార్యక్రమంలోనే సూదులు ఇవ్వడం, నాలుక కింద పెట్టుకునే బ్యూప్రినార్ఫిన్ మాత్ర ఇవ్వడం చేరినాయి. 2017 నాటి హెచ్‌ఐవి చట్టం అయితే, ఇట్లాంటి సేవ చెయ్యడం నేరం కాదని రాసిపెట్టింది. దీన్ని ఇంగ్లీషులో హార్మ్ రిడక్షన్ అంటారు. హాని తగ్గించడం. మానినా మానకపోయినా మనిషి ప్రాణం ముందు కాపాడటం.

ఆ మాట మొదటిసారి విన్నరోజు నాకు అమ్మ చేతులు గుర్తొచ్చినాయి. పక్కకి తిప్పి వీపుకి మూట ఆనించిన చేతులు.

ఇంకో ఉదాహరణ మా పక్కనే ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రి 1915 నుంచి ఉంది. మందుల్లేని కాలంలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇవే వైద్యం. ఈ మూడూ లేనోడికి వైద్యమే లేదన్నట్టు. 1950ల చివర మద్రాసులో ఒక పరిశోధన చేసినారు. ఇరుకు ఇళ్ళల్లో, చాలీచాలని తిండితో ఉండి మాత్రలు మింగిన పేదలకి, శానటోరియంలో ఉంచినవాళ్ళతో దాదాపు సమానంగా నయమైంది. పేదరికం పోయేదాకా మందు ఆగాల్సిన పని లేదని తేలింది. మరి తాగుడు పోయేదాకా మందు ఎందుకాగాలి? అయినా ఒక ఆస్పత్రిలో సారా వాసన వస్తోందని క్షయ రోగిని వరసలోంచి పంపేయడం నా కళ్ళతో చూసినాను. ఆయన మళ్ళీ రాలేదు. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ వైద్యులు చేసి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, దేశంలో 5 కోట్ల 70 లక్షల మంది హాని కలిగేంతగా తాగుతున్నారు. తాగుడుకి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోంది. మిగిలిన 37 మందికి దొరికేది తిట్టు ఒకటే.

నా మాటకి ఎదురు మాటలు ఉన్నాయి. ఒకటి, ఆడవాళ్ళు అడిగేది. "తాగేవాడి ప్రాణం సరే, వాడి దెబ్బలు తినే మా ప్రాణమో?" ఇది న్యాయమైన ప్రశ్న. హాని అంటే తాగేవాడి కాలేయం ఒక్కటే కాదు, ఇంటామె వీపు కూడా. కొడవలి దాచడం, కూలి సగం ఆమె చేతికి రావడం, కొడితే పోయి తలదాచుకునే చోటు ఉండడం, ఇవన్నీ అందులో లెక్కే. కొట్టే చెయ్యిని మత్తు పేరుతో క్షమించమని నేను అనను.

రెండోది, సంఘంలో మిత్రులు అడిగేది. "మన పల్లెల్ని మత్తులో ముంచేది వాళ్ళు. నువ్వు గ్లాసు కడిగి ఇస్తానంటావా?" ఇదీ తీసెయ్యలేని ప్రశ్నే. ఒక చేత్తో అంగడి పెట్టి, ఇంకో చేత్తో ఉచిత మాత్రలిచ్చే ప్రభుత్వాన్ని మెచ్చుకోలేము. కూలికి బదులు సారా పోసే ఆచారం ఏ రూపంలో ఉన్నా ఎదిరించాల్సిందే. కానీ 2020 గుర్తుంచుకోండి. ఆ మే నెలలో మద్యం ధరలు 75 శాతం పెంచినారు, మాన్పించడానికే అన్నారు. జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో పదిమందికి పైగా శానిటైజర్ తాగి చచ్చిపోయినారు. అడుక్కుతినేవాళ్ళు, రిక్షా తొక్కేవాళ్ళు. ధర పెంచితే ఉన్నోడు కొంచెం తగ్గించుకుంటాడు, లేనోడు విషం వెతుక్కుంటాడు. అంగడి మూసే పోరాటం చేసేవాళ్ళు, మూసిన మర్నాడు వణికే చేతుల సంగతి కూడా చూడాల్సిందే. మా ఊళ్ళో ఆ రెండో పని ఎవరూ చెయ్యలేదు.

కాబట్టి మన సంఘాలు అడగాల్సింది ఏంది? మండలానికొక ఆస్పత్రిలో ఒట్టు అడక్కుండా చేర్చుకునే రెండు మంచాలు. మానాలనుకునేవాడికి ఆ మొదటి ఐదు రోజులు మాత్రలు, కనిపెట్టుకునే మనిషి. మానలేనివాడికి తిండి, క్షయ మాత్రలు, మర్యాద. నాటుసారా తాగి కళ్ళు మసకబారితే కేసు భయం లేకుండా వచ్చే దారి. ఆ పనిలో మన పల్లెల ఆడవాళ్ళకి జీతం. ఇంత చిన్న కోరికలు అడగడానికి కూడా మనకి ధైర్యం చాలడం లేదు, "వీళ్ళు తాగుబోతుల పక్షం" అంటారేమోనని. అననీ. మా నాయన పక్షం ఇన్నాళ్ళకైనా తీసుకోవాలి నేను.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. గొళ్ళెం గురించి నన్ను ఒక్క మాట అనలేదు. చివరి రోజుల్లో మాత్రం ఒకసారి, మా వీధిలో తాగి పడిపోయిన కుర్రోణ్ణి చూపించి, "పోయి పక్కకి తిప్పు, అబ్బోడా" అనింది. పోయి తిప్పినాను. వాడు తెల్లారి లేచి మదనపల్లె టమోటా మార్కెట్‌కి మూటలు మొయ్యను పోయినాడు. వాడు మానినాడా అని చాలామంది అడిగినారు. ఇంకా లేదు. బతికే ఉన్నాడు.