బెత్తము – ప్రియవాక్యము

మన విశాఖపట్టణమున సింహగిరిపై వెలసిన శ్రీ వరాహలక్ష్మీ నృసింహస్వామివారిని సేవించునపుడెల్ల ప్రహ్లాదుడు స్మరణకు వచ్చును. తండ్రి ఆజ్ఞచే రాక్షసభటులు ఆ బాలుని ఈ కొండపైనుండి త్రోసివేయగా, స్వామి వచ్చి కాపాడెనని స్థలపురాణము చెప్పుచున్నది. ప్రహ్లాదుని భక్తి లోకప్రసిద్ధము. ఐతే ఆయన ఒక బడిపిల్లవాడు కూడ అనియు, ఆయన కథలో ముఖ్యభాగము పాఠశాలయందే జరిగినదనియు మనము అంతగా తలపోయము. ఉపాధ్యాయులును తల్లిదండ్రులును ఆ పాఠశాలవైపు ఒకసారి దృష్టి సారింపవలెను.

ఆ వృత్తాంతము శ్రీమద్భాగవతము సప్తమ స్కంధమున కలదు. శుక్రాచార్యుని కుమారులైన చండామార్కులు అచ్చట గురువులు. ప్రహ్లాదుడు హరిని గూర్చి పలికెనని తెలిసి, వారు మొదట తియ్యని మాటలతో ఆ బుద్ధి ఎచ్చటినుండి వచ్చినదో ఆరా తీసిరి. తమకు నచ్చిన సమాధానము రాకపోవుటచే వెంటనే బెత్తము తెమ్మని కేకవేసిరి. హిరణ్యకశిపుడును అట్టివాడే. కుమారుని ఒడిలో కూర్చుండబెట్టుకొని లాలించినాడు. మాట రుచింపకపోగానే నేలపై పడద్రోసినాడు. వారి ప్రియవాక్యము వల వంటిది. వెనుకనున్న బెత్తము పిల్లలకు కనబడనే కనబడును.

ప్రహ్లాదుడు సన్మార్గమున నున్నవాడు గనుక ఆయన విషయమున బెత్తము పనిచేయలేదు, తక్కిన పిల్లల సంగతి వేరు కదా యని కొందరు శంకింపవచ్చును. ఆ తక్కిన పిల్లలనే చూడుడు. వారందరు దైత్యబాలకులు, అదే బడిలో అదే భయముతో చదువుచున్నవారు. గురువులు గృహకృత్యములకై వెళ్ళుటయే తడవుగా వారు ఆటలకు ఉరికిరి. భయముచే కలిగిన క్రమశిక్షణ గురువుగారితోపాటే గది దాటి పోవును. అప్పుడు ప్రహ్లాదుడు చిరునవ్వుతో, మృదువైన మాటలతో వారిని దగ్గరకు పిలిచెను. ఎవరును ఆజ్ఞాపింపకయే ఆ బాలురు ఆటవస్తువులను విడిచి, ఆయనవైపు చూపులు నిలిపి, చుట్టును కూర్చుండిరి. ఒకే బడిలో ఒకే దినమున రెండు బోధనాపద్ధతులు! ఏది నిలిచినదో వేరుగ చెప్పనక్కరలేదు.

మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దలు బెత్తమును సమర్థించుట కలదు. కాని మొక్కను వంచదలచినవాడు దానిని కొట్టడు. ఊతకర్ర కట్టి, నీరు పోయును. మన శాస్త్రములయందు దండన ప్రసక్తి లేకపోలేదు. ఐనను మనుధర్మశాస్త్రము ద్వితీయాధ్యాయమున, హితమును బోధించువాడు ప్రాణులను హింసింపకయే బోధింపవలెననియు, మధురమును మృదువును అగు వాక్కునే వాడవలెననియు విధించుచున్నది. శిష్యుని పుత్రునివలె చూచుకొనవలెనని ఆపస్తంబుని శాసనము. ఇక నేటి ధర్మము సరేసరి. 2009 నాటి బాలల విద్యాహక్కు చట్టము 17వ సెక్షను విద్యార్థిని కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది.

అట్లయిన మంచి నడవడిని అలవరచుట ఎట్లు? ఛాందోగ్యోపనిషత్తు ఒక మార్గము చూపుచున్నది. సత్యకాముడను బాలుడు విద్యార్థియై హారిద్రుమత గౌతముని ఆశ్రయించెను. గోత్రమేదియని గురువు అడుగగా, తనకు తెలియదనియు, తల్లికిని తెలియదనియు దాపరికము లేక చెప్పెను. గౌతముడు ఆ బాలుని కులగోత్రములకై పట్టుబట్టలేదు. నీవు సత్యమునుండి తొలగలేదని ఆ గుణమును పేరుపెట్టి మెచ్చుకొని, సమిధలు తెమ్మని చెప్పి శిష్యునిగా స్వీకరించెను. మెచ్చుకోలు అట్లుండవలెను. మంచివాడవు అని ఊరక అనుటకంటె, నేడు తోటివాని వంతు వచ్చువరకు ఓపికతో ఆగితివి అని చేసిన పనిని చెప్పుట మేలు. ఏ పని వెంట సంతోషము కలుగునో ఆ పని మరల చేయబుద్ధియగునని స్కిన్నరు (1904–1990) మున్నగు పాశ్చాత్య మనస్తత్త్వశాస్త్రజ్ఞులును ప్రయోగములచే నిరూపించిరి. ఐతే అల్లరి మానినచో మిఠాయి పెట్టెదనని ముందుగా బేరమాడుట లంచమగును. మంచిపని జరిగిన పిదప, జరిగిన వెంటనే, నిజమైన మాట చెప్పుటయే ప్రశంస.

శ్రీమద్రామాయణము కిష్కింధాకాండమున, సముద్రమును చూచి వానరులందరు దిగులుపడియుండగా, హనుమంతుడు ఒకచోట మౌనముగా కూర్చుండెను. జాంబవంతుడు ఆయనను గుర్తించి, ఆయనకుగల శక్తిని జ్ఞాపకము చేసెను. తరగతిలో అల్లరిచేయు నలుగురిని గద్దించుటలోనే కాలము గడచిపోవును. వెనుక వరుసలో నిశ్శబ్దముగా పాఠము వ్రాసుకొను పిల్లవానిని చూచువారుండరు. 1933లో ప్రారంభమైన నౌకాశ్రయము, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము ఎందరినో పొట్టచేత పట్టుకొని ఈ నగరమునకు రప్పించినవి. అట్టి కుటుంబముల పిల్లలలో ఇంట ఒక భాష, బడిలో మరియొక భాషయై నోరు విప్పుటకే జంకువారుందురు. వారు పలికిన తొలిమాటకు నవ్వు ఎదురైనచో మరల పలుకరు. ఒక్క జాంబవంతుడు దొరికినచో సముద్రమునైన దాటుదురు.

ఇది ఒకనాటితో తీరు పని కాదు. అక్షయతృతీయనాడు సింహాద్రినాథుడు నిజరూపదర్శనమిచ్చిన పిదప, అరగదీసిన చందనమును స్వామికి ఒకేమారు గాక వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలవరకు విడతలుగా సమర్పింతురు. పిల్లలకు చల్లని మాటయు అట్లే కొద్దికొద్దిగా, ఎడతెగక అందవలెను.

తప్పు చేసినపుడు చూచి చూడనట్లు ఊరకుండుమని దీని భావము కాదు. తప్పును తప్పనియే చెప్పవలెను. కాని పదిమందిలో పరువు తీయక, చాటునకు పిలిచి, సరిదిద్దుకొను దారి చూపి చెప్పవలెను. నృసింహస్వామి ఉగ్రరూపము ముందు దేవతలే నిలువలేకపోయిరి. అంతటి స్వామియు తన పాదములకడ వ్రాలిన పసివానిని చూచి కరుణతో కరిగి, పైకిలేపి, శిరమున చేయి ఉంచెను. చండామార్కుల బెత్తము చూచిన బాలునకు చివరకు లభించినది ఆ చేయి. మన గురువుల చేతులును, తల్లిదండ్రుల చేతులును అట్టివగునట్లు సింహాద్రినాథుడు అనుగ్రహించుగాక!